బనీను వేసుకున్న సైన్యాధిపతి

"ముందే చెప్తున్నా, నేను పోయింది మామూలు పనిమీద. దారి మళ్ళించింది వాళ్ళు," అన్నాడు విమానం, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని.

అతను తోలేది సరుకుల వ్యాను. దాన్ని విమానం విమానం అంటూ మురిసిపోతుంటే జనం ఆ పేరు అతనికే పెట్టేశారు. టీ కొట్టు అతని భార్యది. పక్కనే పిండి మర. మర తిరుగుతున్నంతసేపూ ఇక్కడ ఎవరైనా గొంతు చించుకునే మాట్లాడాలి. అది అతనికి బరువైన పనేం కాదు.

పొద్దున భార్య అతన్ని పంపించింది, అతని చెల్లెల్ని తీసుకురమ్మని. ఆ పిల్లని అత్తవారు గడప దాటనివ్వరు. అందరూ బయటికి పోవాల్సొస్తే ముసలాయన్ని కాపలా పెట్టి, వీధి తలుపుకి తాళం వేసి మరీ పోతారు. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో మచ్చ పడ్డాక, ఆ పిల్ల వదినకి చాటుగా ఫోను చేసింది. "రేపు అందరూ పెళ్ళికి పోతున్నారు. మావగారొక్కడే ఉంటాడు. అన్నయ్యని వెనక గోడ దగ్గరికి పంపించు వదినా. ఇది తప్పితే మళ్ళీ కుదరదు."

వదిన కొట్టు వెనక గది ఊడ్చి, మంచం వేసి, మధ్యాహ్నం నుంచీ రోడ్డు వంక చూస్తూ టీ కాచింది. పొద్దు వాలాక వ్యాను వచ్చింది. మొగుడు ఒక్కడే దిగాడు. రోజూ కొట్టు ముందాపే వ్యాను ఇవాళ మర గోడ పక్కకి తీసుకుపోయి ఆపాడు.

"పిల్లేదయ్యా?"

"చెప్తానే. మొదట్నుంచీ చెప్తేగానీ నీకు బోధపడదు," అన్నాడు. ఈలోగా మర మావయ్య, ఎదురు దుకాణం టైలరమ్మ వచ్చి బల్లమీద కూచున్నారు. నలుగురు చేరితే ఇక అతన్ని ఆపడం ఎవరి తరం కాదు.

"పెద్ద రోడ్డెక్కానో లేదో ముగ్గురు చెయ్యెత్తారు. ఒకడు భుజాలకి ఎర్ర దుప్పటి కట్టుకున్నాడు. ఒకడివి ఇనప చేతులు. మూడోవాడు కనపడడు. కనపడనివాడు చెయ్యెత్తితే నీకెలా తెలిసిందిరా అనకు మావయ్యా, ఇన్నేళ్ళు స్టీరింగు పట్టినవాణ్ణి, ఆ మాత్రం తెలీదా? సినిమాల్లో చూస్తామే, ఆ సూపర్ హీరోలే. ఏంటి బాబూ, ఎగిరిపోక వ్యానెందుకూ అన్నాను. ఎగిరేవాడికి మెడ పట్టేసింది అన్నా, శత్రువుల స్థావరంలో మా గూఢచారి పట్టుబడింది, ఇవాళ విడిపించకపోతే ఇక లేదు, ఈ చుట్టుపక్కల నీలాంటి డ్రైవరు లేడని విన్నాం, అని కాళ్ళా వేళ్ళా పడ్డారు."

"పట్టుబడింది అన్నావు. ఆడమనిషా?" అంది టైలరమ్మ.

"ఆడమనిషే. ఏం, ఆడవాళ్ళు గూఢచారులు కాకూడదా?"

భార్య ఫోను తీసి ఆడపడుచు నంబరు నొక్కి చెవికి ఆనించుకుంది. రింగవుతోంది. ఎత్తడం లేదు. మధ్యాహ్నం నుంచీ ఇదే వరస.

"సరే, ఎక్కండ్రా అన్నాను. ఇనప చేతులవాడు ఎక్కగానే వెనక టైర్లు నేలకి కరుచుకుపోయాయి. నేను మూడో గేరులో అలా ఒక్క ఊపు ఊపానంతే. ఏరు అడ్డమొచ్చింది. వంతెన ఎక్కడా అని వీళ్ళు చూస్తుంటే నేను కళ్ళు మూసుకుని తొక్కాను. వ్యాను నీళ్ళమీద పెంకు విసిరినట్టు తేలుతూ పోయింది, చేపలు పక్కకి తప్పుకున్నాయి, ఒక మొసలి హారను కొడితేగానీ దారివ్వలేదు. ఆ పైన ఏం జరిగిందో చెప్పుకోండి చూద్దాం."

"నువ్వే చెప్పు, మాకంత బుర్ర లేదు," అన్నాడు మర మావయ్య.

"స్థావరం. గోడ చూస్తే మెడ విరగాలి. గోడమీద గాజుపెంకులు. లోపల ఫిరంగులు బారులు తీరి ఉన్నాయి. నల్లకుక్క ఒకటి, దూడంత. ఎర్రదుప్పటివాడు దాన్ని చూసి వ్యాను వెనక్కి వెళ్ళాడు. కనపడనివాడు ఉన్నాడో పారిపోయాడో ఆ దేవుడికే తెలియాలి. ఇనప చేతులవాడు నా భుజం పట్టుకుని, అన్నా, నువ్వే దిక్కు అన్నాడు. నేను జాకీ రాడ్డు తీశాను. ఇదిగో, ఈ చేత్తోనే. రెండు ఫిరంగిగుళ్ళు గాల్లోనే కొట్టాను, మూడోది క్యాచ్ పట్టి అవతల పెట్టాను. వేడిగా ఉంది, చెయ్యి కాలింది కూడా."

"ఎక్కడ, చూపించు," అంది భార్య.

అతను గ్లాసు కిందపెట్టి చెయ్యి చూసుకున్నాడు. మళ్ళీ గ్లాసు తీసుకున్నాడు. "మానిపోయింది. ఆవిడకైతే మానలేదు పాపం. ముంజేతిమీద ఇంత మచ్చ. నల్లగా. మొనదేలి. గోడ అవతల కుర్చీ ఎక్కి నుంచుంది. తల, చేతులు మటుకే కనిపించాయి."

మర మావయ్య టీ తాగడం ఆపాడు. టైలరమ్మ వదిన ముఖంలోకి చూసింది. వదిన పొయ్యి మంట తగ్గించింది.

"అంటే గూఢచారిని చూశావు," అంది మెల్లగా. మర హోరులో ఆ మాట అతనికి వినిపించిందో లేదో.

"చూడటమేంటే, మాట్లాడాను. రెండు చేతులూ ఉంటేగానీ గోడ ఎక్కలేను, ముందు ఇది అందుకో అని సంచీ ఇచ్చింది. అందులో దేశ రహస్యాలన్నీ ఉన్నాయి. గుండెల్లో పెట్టుకున్నట్టు అందుకున్నాను."

"ఎలాంటి సంచీ?" టైలరమ్మ అడిగింది.

"నీలం సంచీ. ఎర్ర పట్టీలు."

"పట్టీలు రెండు వరసల కుట్టుతో ఉన్నాయా?"

"నేను దేశాన్ని కాపాడుతుంటే నువ్వు కుట్లు లెక్కపెట్టమంటావేంటమ్మా," అని అతను నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. అతను ఇంకా గట్టిగా అందుకున్నాడు. "ఇక ఆవిడ గోడమీద కాలు వెయ్యడమే తరువాయి. అప్పుడే కుక్క మొరిగింది. పక్క గేటు తెరుచుకుంది. శత్రు సైన్యాధిపతి. బనీను వేసుకుని, నోట్లో పళ్ళపుల్లతో."

"సైన్యాధిపతి బనీనేంట్రా?" అన్నాడు మర మావయ్య. అలవాటుగా అడిగాడు కానీ గొంతులో వేళాకోళం లేదు.

"వాళ్ళ దేశంలో అదే యూనిఫాం మావయ్యా. ఆ మనిషి తుపాకీ తియ్యలేదు. తీస్తే నాకు లెక్కేంటి, గుండు క్యాచ్ పట్టినవాణ్ణి. చాలా మర్యాదగా, ఏం బాబూ, ఇలా వచ్చావు, లోపలికి రా, కాఫీ తాగుదువుగాని అన్నాడు. అదీ ప్రమాదం. తుపాకీకి మందుంది, మర్యాదకి మందు లేదు."

"నువ్వేమన్నావు?"

"నేనా? బుర్ర పాదరసంలా పనిచెయ్యాలి కదా. చేతులు కట్టుకుని, వంగి, కిరాయికొచ్చానండీ, అడ్రసు తప్పింది, సెలవండీ, అన్నాను. నమ్మేశాడు. గూఢచర్యం అంటే అదీ. నా మాటల్లో పడి ఆయన అటు తిరిగాడా, ఇటు ఎర్రదుప్పటివాడు మెడనొప్పి మర్చిపోయి ఎగిరాడు. ఆవిణ్ణి చంకలో పెట్టుకున్నాడు. వెనక యుద్ధ విమానాలు నలభై, యాభై. నేనూరుకున్నానా? వ్యాను ముందు చక్రాలు లేపాను. మబ్బులు దాటాను. చంద్రుడు ఎదురొస్తే ఎడమవైపు నుంచి ఓవర్‌టేక్ చేశాను, తప్పే, ఒప్పుకుంటాను, కానీ టైము లేదు. ఆవిణ్ణి ఏడు సముద్రాల అవతల దింపాం. క్షేమంగా ఉంది. రాణిలా ఉంది. కాకపోతే కొన్నాళ్ళు ఎవరూ ఫోను చెయ్యకూడదు. చేసినా ఎత్తదు. వాళ్ళ నియమం అది. కాబట్టి నువ్వూ అస్తమానం చెయ్యకు."

భార్య గరిట పక్కన పెట్టింది. "నేను గూఢచారికి చెయ్యడంలేదయ్యా. నీ చెల్లెలికి చేస్తున్నాను."

అతను నోరు తెరిచాడు. అప్పుడే మర చప్పుడు మారింది. గింజ అయిపోతే రాళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుంటూ కీచుమంటాయి. మర మావయ్య అలవాటుగా లేచి లోపలికి పోయి మోటారు ఆపేశాడు.

పొద్దుటినుంచీ చెవుల్లో ఉన్న హోరు పోయింది. రోడ్డుమీద సైకిలు చైను చప్పుడు కూడా వినిపించింది. భార్య మొగుడి కళ్ళలోకి చూస్తూ మళ్ళీ నంబరు నొక్కింది.

గోడ పక్కన వ్యానులో, సరుకుమీద కప్పే పట్టా కింద, ఫోను మోగింది.

అందరూ విన్నారు. విమానం గ్లాసు బల్లమీద పెట్టేశాడు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ చేసింది. మళ్ళీ మోగింది.

టైలరమ్మ వెళ్ళి పట్టా ఎత్తి సంచీ తెచ్చింది. నీలం గుడ్డ, ఎర్ర పట్టీలు, రెండు వరసల కుట్టు. "పెళ్ళికి ముందు నేను కుట్టిచ్చిందే," అని బల్లమీద పెట్టింది. లోపల రెండు జతల బట్టలు, ఒక జత చెప్పులు, దువ్వెన, వెలుగుతున్న ఫోను. దానిమీద 'వదిన' అని ఉంది.

"సంచీని విడిపించుకొచ్చావన్నమాట," అంది భార్య. "మనిషిని కుర్చీమీద నిలబెట్టి."

ఇన్నేళ్ళలో ఆ బల్లమీద అతను మాట లేకుండా కూచోవడం ఎవరూ చూడలేదు.

"ఆ ముసలాయన గోడ అవతలికి చూశాడా? ఆ పిల్ల దిగిందా, ఆయనకి దొరికిపోయిందా?"

"తెలీదు," అన్నాడు. "నేను వెనక్కి తిరిగి చూళ్ళేదు."

"నీ సూపర్ హీరోలు ముగ్గురూ ఇప్పుడు ఖాళీయేనా?"

ఆవిడ పొయ్యి ఆర్పింది. కొంగు బిగించి, అతని చొక్కా జేబులోంచి వ్యాను తాళంచెవి తీసి అతని చేతిలోనే పెట్టింది. "లే. తోలడం నీకే వచ్చు, గోడ ఎక్కడుందో నీకే తెలుసు. పెళ్ళినుంచి వాళ్ళు తిరిగొచ్చేలోపు పోవాలి. కాఫీ తాగమంటే నేను తాగుతాలే కూచుని."

టైలరమ్మ అప్పటికే వ్యాను వెనకెక్కి కూచుంది. మర మావయ్య మర గదికి తాళం వేసి, మూలనున్న నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. ఆ గోడకి అటునుంచి ఒక కుర్చీ సరిపోదని ఆయనకి తోచింది.

విమానం లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"మిగతాదంతా ఏమన్నా అనుకో. ఆ కుక్క మాత్రం నిజంగానే ఉందే."

"తెలుసు," అంది ఆవిడ. "ఆ బిస్కెట్ల సీసా పట్టుకురా."