దించకమ్మ

వరహాలని ఒక కోడలు ఉండేదంట. వాళ్ళది మరమరాల బట్టీ. పొద్దుగూకేదాకా పొయ్యి దగ్గర నిలబడి వేయించడమే ఆ పిల్ల పని. ఏమైందంటే, పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి ఉబ్బినయ్యి, చీలమండ పైన తోలు నల్లబడింది, ఒకనాడు పుల్ల గీసుకుంటే అదే పుండయి కూర్చుంది. ఆకు పసరు పోశారు, పసుపు అద్దారు. వంకాయ మానేసింది, గోంగూర మానేసింది, మానాల్సిన పుండు మాత్రం మానలేదు. రసి కారతా వాసనొస్తంటే మరమరాలు కొనేవాళ్ళు ముక్కు మూసుకుని పక్క వీధికి పోతన్నారంట. కాలు పోద్దేమో, బట్టీ పోద్దేమో అని పిల్ల ఒకటే ఏడుపనుకోండి.

ఆస్పత్రికి పోతే నర్సమ్మ పాదం మీద నాడి చూసి, పసర్లు ఆపండమ్మా, రోగం పైన లేదు, నరంలో ఉంది, కిందికి దిగిన నెత్తురు పైకెక్కలేక నిలవుండిపోతంది అని చెప్పి, వేళ్ళ కాడ్నుంచి మోకాలిదాకా బిగుతు కట్టు కట్టింది. "నడువు గానీ నిలబడిపోకు. నడుం వాల్చినప్పుడు కాలు గుండెకంటే ఎత్తులో పెట్టుకో" అంది. ఎత్తులో పెట్టుకోవాలంట! అత్త ఎవరనుకున్నారు, నాంచారమ్మ! ఆవిడ ముందు కోడలు కాలు జాపడమే? వరహాలు ఆ మాట ఇంట్లో చెప్పనే లేదు. అత్త బజారుకెళ్తే మరమరాల బస్తా మీద కాలు పెట్టేది, చెప్పుల చప్పుడైతే దించేసేది. పెట్టడం, దించడం, పెట్టడం, దించడం. పుండెట్టా మానుద్ది చెప్పండి?

ఒకరోజు అత్తకి చెప్పు తెగి, రెండూ చేత్తో పట్టుకుని చప్పుడు లేకుండా వచ్చింది. కోడలు అదిరిపడి కాలు లాగేసరికి గోనె పీచుకి కట్టు తగులుకుని జారి, పుండు రేగి నెత్తురొచ్చింది. ఎందుకే అంత కంగారు అంటే, "మీరొచ్చారని అత్తయ్యా. నర్సమ్మ ఎత్తులో పెట్టమంది. మీ ముందు ఎట్టా పెట్టను?" అందంట. నాంచారమ్మ చేతిలో చెప్పులు కింద పడేసింది. నా చెప్పుల చప్పుడుకి ఈ పిల్ల కాలు పోగొట్టుకుంటందా అని కళ్ళనీళ్ళు తిరిగినయ్యి. అయినా పెద్దరికం ఉందిగా, ఊరికే ఓడిపోద్దా? కింద కూలబడి, ఆ కాలు తనే ఎత్తి బస్తా మీద పెట్టి, "నువ్వు జాపితే తప్పు. నేనెత్తి పెడితే తప్పేంటే? పేరంటానికొచ్చినోళ్ళ కాళ్ళు పట్టుకుని పసుపు రాయట్లా?" అంది.

ఇక చూడండి, కట్టు మార్పించడానికి తనే వెంటబెట్టుకుపోయేది, పొయ్యి దగ్గర సగం పని తనే అందుకునేది. బజారు నుంచి వస్తా వస్తా వీధి మలుపులోనే కేకేసేదంట, "నేనేనే వరహాలూ, దించకే, దించకే!" అని. పుండు మానడానికి నెలలు పట్టింది, ఈలోపు ఆ కేక ఊరందరికీ అలవాటైపోయింది. అత్త మంచీ వేప తీపీ ఉండవంటారు, ఏమో మరి. మీరెప్పుడైనా అటెళ్తే నాంచారమ్మ ఇల్లెక్కడని అడగబోకండి, ఎవరికీ తెలీదు. దించకమ్మ ఇల్లనండి, వీధిలో మేకలైనా దారి చూపిస్తాయి.