రెండు మూరల ఇసుక

"తాతా, లడాయిల నువ్వు తుపాకి కాల్చినవా?" అంటున్నవా? ఏం తుపాకి బిడ్డా. నా చేతిల ఇనుప సువ్వ ఉండె. మిలట్రీల మాది ఇంజనీర్ల దళం. డోర్నకల్‌ల రైలెక్కిననాడు మా అవ్వ ఊరంత చెప్పుకున్నది, నా కొడుకు ఇంజనీరైండని. నేను సదివింది ఏడు... కాదు, ఎనిమిది. అప్పుడు చాయ్ పదిహేను పైసలు, తెల్సా? సరే, ఏడున్న... ఆఁ, సువ్వ.

గా సరిహద్దు కాడ దుష్మన్లు ఇసుకల మందుపాతర్లు పెట్టి పోయిన్రు. మేం బోర్ల పండుకొని, సువ్వ ఏటవాలుగ గుచ్చుకుంట, జానెడు జానెడు దేవులాడుకుంట ముంగటికి జరగాలె. ఎనక ట్యాంకులోళ్లు, నడిచే సిపాయిలు. పైన విమానాలు గూడ టైముకు వస్తయట. మేం తొవ్వ సాఫ్ చేస్తెనే అందరు కదిలేది. గందుకే అందరి చూపు మా చేతుల మీదనే.

తొవ్వల కుడి సగం నాది, ఎడమ సగం సెల్వంది. తమిళపాయన, నాకన్న పెద్ద, అన్నా అనేటోన్ని. తెల్లారంగ మొదలువెడితే పొద్దు నెత్తిమీదికొచ్చింది. మోచేతులు గీసుకపోయినయ్, కండ్లల్ల ఇసుక. వైర్‌లెస్‌ల ఆఫీసరు ఒకటే అడుగుడు, అయిందా, అయిందా అని. నా దిక్కు ఇంక రెండు మూరలుండె. అయినా చెయ్యి లేపిన. అయిందన్న. ఎందుకన్ననో... అలిసిపోయిన బిడ్డా, గంతే.

మా కాడ రివాజు ఏందంటే, సాఫ్ చేసినోడే ముందుగాల ఆ తొవ్వ మీద నడిచి చూపియ్యాలె. అప్పుడే ట్యాంకు కదుల్తది. ఆనాడు వంతు నాది. సెల్వం అన్న నా మొకం చూసి, "నువ్వు నీళ్లు తాగు, నేను పోత" అన్నడు. నేను ఆగుమనలే. రెండు మూరలే కద, ఏముంటదిలే అనుకున్న.

ఉన్నది. అన్న కాలు పోయింది.

మల్ల పండుకొని ఆ రెండు మూరలు దేవులాడిన, ఏడ్సుకుంట. ట్యాంకులు దాని మీదికెల్లే పోయినయ్. గెలిచినం. దండలు ట్యాంకులోళ్లకేసిన్రు.

దవాఖానకు పోతే అన్ననే నా చెయ్యి పట్టుకున్నడు. "తమ్మీ, నా దిక్కుది ఒకటి మిగిలిపోయినట్టుంది. నువ్వు నడిస్తే నిన్ను సంపుకుంటుంటి" అని ఏడ్సిండు. నేను గప్పుడు గూడ నోరు తెరవలే. ఆయన పోయి మూడేండ్లాయె. తప్పు తనదే అనుకుంట పోయిండు.

మీ నాయినమ్మకు గూడ చెప్పలే ఇది. సల్లగుండు బిడ్డా. ఏ కొలువు చేసినా, అలిసిపోతే అలిసిన అని చెప్పు. సిగ్గువడకు. ఎవ్వరేమనుకున్నా సరే, చెప్పు...