ఉబ్బిన బ్యాటరీ

“నల్లా నీళ్ళు పట్టుడు, కందిపప్పు ఎండబోసుడు, గ్యాసు బండ దింపిచ్చుడు, బండి బ్యాటరీ చార్జింగ్ పెట్టుడు. పొద్దుగాల గిన్ని పనులు చెప్పి పోయింది నా మనుమరాలు. అన్ని చేసిన. ఇదొక్కటే మొరాయించింది కొడుకా.”

కాశిబుగ్గలో కాశిఫ్ నడిపే ఎలక్ట్రిక్ బండ్ల రిపేరు షాపు. మధ్యాహ్నం. మొగిలమ్మ తెచ్చిన బ్యాటరీ బల్ల మీద ఉంది. మనుమరాలు ఇల్లు చేరేలోపు అది బాగు కావాలని ఆమె పట్టు.

“ఎట్ల తెచ్చినవు అవ్వా, గింత బరువు?”

“ఆటోల. పసిపోరన్ని పట్టుకున్నట్టు ఒళ్లె పెట్టుకున్న.”

“పొట్ట చూడు దీనిది, ఎట్లుబ్బిందో.”

“ఉబ్బితే ఏమైతది? జర నొక్కి సాపు చెయ్యి.”

“నొక్కితే నువ్వు, నేను, షాపు, ముగ్గురం పోతం. కింద పడ్డదా?”

“నేను పడ్డ గని అది పడలే.”

“వేరే చార్జర్ పెట్టిన్రా?”

“దానిదే. మా మనుమరాలు ప్రేమలత బ్యాంకుల కొలువు చేస్తది. గంత తెల్వదా?”

“ఎండల నుంచి రాంగనే చార్జింగ్ పెడ్తాన్రా?”

“చల్లారినంకనే.”

“మరి నీళ్ళు తగిలినయా?”

“చాయ్ తాగినవా కొడుకా? తెప్పియ్యనా?”

“అవ్వా. నీళ్ళు.”

“నీళ్ళంటే... గట్ల నీళ్ళు కాదు.”

“ఎట్ల నీళ్ళు?”

“పసుపు నీళ్ళు.”

“బ్యాటరీకా?”

“దసరాకు మగ్గానికి పసుపు నీళ్ళు చల్లి బొట్టు పెడ్తం. కత్తెర, సుత్తె, అన్ని కడుగుతం. బండికి ప్రాణం బ్యాటరీ అంటరు, దాన్నే ఇడిచిపెడ్తమా? మొన్న పండుగకు బకెట్ల ముంచి తీసిన.”

“ముంచినవా.”

“ఒక్కపారే. ఆరబెట్టిన గద. ఇగో, ఈ తొర్రలల్ల కుంకుమ పెట్టిన. కండ్ల లెక్క మంచిగ కనబడ్డయి.”

“ఆ తొర్రలల్లకెల్లే కరెంటు పోయేది అవ్వా.”

“గది నాకు ముందుగాల చెప్పాలె గద.”

“ప్రేమలతకు తెలుసా?”

“తెలిస్తే నేనిక్కడికెందుకొస్త? నీళ్ళు తగలనియ్యకే నానమ్మా అని దండం పెట్టి చెప్పింది. మొదటి జీతంతోని కొనుక్కున్న బండి. పొద్దుగూకంగ వర్ధన్నపేట నుంచి బస్సు దిగుతది. గంతల బాగు చెయ్యి, నీ కాళ్ళు మొక్కుత.”

“బాగు కాదు అవ్వా. నీళ్ళు లోపటికి దిగినయి, తుప్పు పట్టింది. ఇట్లాంటిదానికి చార్జింగ్ పెడ్తే వేడెక్కుతది, ఉబ్బుతది, ఆఖరికి అంటుకుంటది. దీన్ని బయట ఇసుకల పెడ్త. ఇంటికి తీస్కపోకు.”

“ప్రేమలతకు ఏం చెప్పాలె?”

“ఉన్నది ఉన్నట్టు చెప్పు. తిడ్తది, మళ్ళ తనే నవ్వుతది.”

“తిట్టదు. మాట్లాడుడు బంద్ చేస్తది. గదే నా భయం.”

“ఫికర్ చెయ్యకు, నేను గూడ ఫోన్ చేసి చెప్త. ఈ బండికి రెండు బ్యాటరీలుంటయి గద. రేపు రెండోదాని మీద పోతది.”

“అవు, అది మంచిగున్నది. దానికి గూడ గదే పూజ చేసిన, ఏం కాలే.”

“దాన్ని గూడ ముంచినవా? ఇప్పుడు యాడున్నది?”

“ఇంట్లనే. చార్జింగ్ పెట్టి, దుమ్ము వడకుండ జంపఖానా కప్పి వచ్చిన.”

“ఇంటికి ఫోన్ చెయ్ జర. తీసెయ్యమను. ఎవరున్నరు ఇంట్ల?”

“మా ముసలాయన. చెవులు ఇనవడయి, ఫోన్ ఎత్తడు. జరమొచ్చి పండుకున్నడు కొడుకా. చలి పెడ్తాందంటే, ఆ బ్యాటరీ వెచ్చగున్నదని నేనే దానికి ఆనిచ్చి పండుకోబెట్టిన.”