గుల్సుమ్ తల్లి ఏడుపు

టర్కీలోని తోరోస్ కొండల్లో ఒక మట్టింటి అరుగు. సిపాయిల కాల్పుల్లో కూతురు గుల్సుమ్‌ను పోగొట్టుకున్న తల్లి, ఇస్తాంబుల్ నుంచి వచ్చిన రాక్ గాయకుడికి టీ పోసింది.

"తాగు నాయనా. ఆ జుట్టేమిటి? ఇస్తాంబుల్లో మంగళ్లు లేరా?"

"మీ దీవెన కోసం వచ్చానమ్మా. గుల్సుమ్ పాట దేశమంతా మోగుతోంది."

"విన్నాను. బస్సెక్కినా అదే. నా కూతురు ప్రియుడి కోసం తుపాకీ పట్టిందని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా."

"పోయినసారి వచ్చినప్పుడు నేను నీకు చెప్పింది దాని తమ్ముడి గురించి. మా మేకలు తన పొలంలో గడ్డి మేశాయని పన్నెండేళ్ల వాణ్ణి ఊరి భూస్వామి కొట్టి చంపాడు. అందుకే అది ఆ భూస్వామిని కాల్చి పై కొండల్లోకి పారిపోయింది. మూడు చలికాలాలు మంచులో బతికింది. మధ్యలో ప్రియుడెక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?"

"ప్రేమ లేకపోతే రికార్డు ఎవరూ కొనరని కంపెనీవాళ్లు అన్నారు. సరేనన్నాను. తప్పు నాదే. పాట మార్చేస్తానమ్మా."

"ఇంకేం మారుస్తావు? మా ఊరి పిల్లలే ఆ ప్రియుడి పేరేమిటని నన్నడుగుతున్నారు."

"రాగం మాత్రం మీదేనమ్మా. ఆమె శవం మీద పడి మీరు ఏడ్చిన ఏడుపే, పోయినసారి నాకు పాడి వినిపించిందే. ఒక్క స్వరం కూడా మార్చలేదు."

"నా బాధ కూడా అదే నాయనా. మొన్న శుక్రవారం సమాధి దగ్గర కూర్చుని ఏడవబోయాను. నా మాట ఒక్కటీ రాలేదు. నోరు తెరిస్తే నీ పాటే వచ్చింది, ఆ లేని ప్రియుడితో సహా."

"మరి... ఏం చేశారమ్మా?"

"ఏం చేస్తాను? అదే పాడాను. బిడ్డ దగ్గరికి వెళ్లి నోరు మూసుకుని రాలేను కదా."