వరుసలో చివరి మనిషి: శ్రీ రాయిస్ హాడిక్స్ గారు

2007 ఆగస్టు 20వ తేదీన శ్రీ రాయిస్ హాడిక్స్ గారు మన కమ్యూనిటీ కాలేజీలో అడుగుపెట్టింది ఉద్యోగిగా కాదు, విద్యార్థిగా. సైన్యంలో సార్జెంటుగా సేవ ముగించి, అఫ్ఘనిస్తాన్ కొండల నుంచి వెస్ట్ వర్జీనియాలోని ఈ లోయకు తిరిగివచ్చి, నలభై నాలుగో ఏట వెల్డింగు నేర్చుకోవడానికి చేరారు. మొదటి రోజు తరగతిలో వెనుక గోడకు వీపు ఆనించి నిలబడే ఉన్నారు.

"కూర్చో పెద్దాయనా, కుర్చీలేం కరవవు," అన్నాడొక కుర్రవాడు.

"నా వెనక ఎవరూ లేరని తేలనీ, కూర్చుంటా."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

తరగతిలో ప్రథములుగా పట్టా పుచ్చుకుని, 2010లో అదే వర్క్‌షాపులో బోధకులయ్యారు. వారి శిష్యులు నేడు ఓడరేవుల్లో, గ్యాసు పైపులైన్ల మీద గౌరవంగా బతుకుతున్నారు. యుద్ధం నుంచి వచ్చి కాలేజీలో చేరి, లోపలికి రావడానికి కాళ్లాడక తమ బండ్లలోనే కూర్చుండిపోయే మాజీ సైనికుల పక్కన ఆయన కాఫీతో నిలబడేవారు. "నేనూ లోపలికే పోతున్నా. తోడు రారాదూ," అనేవారు. ఎవరినైనా వెనుక వదిలేస్తానేమోనన్న భయం ఆయనను ఏనాడూ విడవలేదు.

అందుకే సైన్యపు అలవాటొకటి వర్క్‌షాపుకు తెచ్చారు. బయటికి వెళ్లేటప్పుడు అందరూ వరుసగా నిలబడాలి. చివరి మనిషి ముందువారి భుజం తట్టి "ఒకటి" అనాలి, ఆ మనిషి తన ముందువారిని తట్టి "రెండు" అనాలి. చివరి స్థానం ఎప్పుడూ ఆయనదే.

2014 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం గోడలో వైర్లు అంటుకుని వర్క్‌షాపంతా పొగ కమ్మింది. కళ్లు కనబడని ఆ నలుపులో వరుస కదిలింది. రాయిస్ గారు లెక్క మొదలుపెట్టబోతుండగా వెనుక నుంచి ఒక చెయ్యి ఆయన భుజం తట్టింది. ఎవరో విద్యార్థి వెనకబడ్డాడనుకుని, ముందువాడిని తట్టి "రెండు" అన్నారు. తలుపు దగ్గర నుంచి కేక వినిపించింది: "పదమూడు! అందరం వచ్చేశాం సార్జెంటూ!"

ఆ రోజు ఆయనతో కలిపి వర్క్‌షాపులో ఉన్నది పదమూడు మందే, లెక్క సరిపోయింది. ఆయన వెనక్కి తిరిగారు. వెనుక ఎవరూ లేరు.

అంటే ఒకరు లోపలే ఉండిపోయారని మళ్లీ పొగలోకి వెళ్లారు. పెద్ద ఇనుప ట్యాంకు లోపల పనిచేస్తూ స్పృహ తప్పిన విద్యార్థిని కార్లా మెయ్‌నార్డ్‌ను మోసుకుంటూ బయటికి వచ్చారు.

ఆసుపత్రిలో కార్లా అడిగింది: "మరి మిమ్మల్ని తట్టిందెవరు?"

"పచేకో."

"ఎవరాయన?"

"కొండల్లో నా వెనక నడిచేవాడు. ఒక రాత్రి భుజం తట్టాడు, నేను ముందుకి లెక్క చెప్పాను. తెల్లారి చూస్తే వాడు లేడు. మేం లెక్క పెట్టకముందే ఎక్కడో వెనక ప్రాణం వదిలాడట. మరి ఆ చెయ్యి ఎవరిదంటావ్?"

"భయమేసిందా?"

"అప్పుడా? వెనక్కి చూసుంటే వేసేదేమో. చూడలేదుగా. ఈసారి చూశాను, అంతే."

పచేకో గారి తల్లికి ఆయన ఆ మాట చెప్పింది ఆ తర్వాతే. ఆమె, "వాడికి చిన్నప్పటి నుంచీ పక్కవాళ్ల ధ్యాసే నాయనా," అన్నదట. అంతకు మించిన వివరణ మనకెవరికీ తెలియదు. వెతకడం కూడా తగదు.

కార్లా నేడు అదే వర్క్‌షాపులో బోధకురాలు. చివరి స్థానం తనకిమ్మని ఏళ్లుగా అడుగుతున్నా రాయిస్ గారు ఒప్పుకోలేదు. పదవీ విరమణకు ముందు ఆయన ఆఖరి తరగతి నిన్న ముగిశాక ఆమె మళ్లీ అడిగింది.

"ఇవాళ నా ముందు నడవండి సార్జెంటూ. వెనకాల నేనుంటా."

"నీ వెనక?"

"ఎవరున్నా సరే. తిరిగి చూస్తాను."

ఆయన పక్కకు జరిగి, ఆమెకు చోటిచ్చారు.

శ్రీ రాయిస్ గారికి, వారి సతీమణి శ్రీమతి లోరెటా గారికి సంపూర్ణ ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయువు, గోడ ఆసరా అక్కరలేని ప్రశాంతమైన నిద్ర కలగాలని మనసారా కోరుకుంటున్నాము.