షేకు పడవకు కట్టిన గొంగళ్లు

గంగులయ్యకు కోతలు కోయడం కొత్త కాదు గానీ, అవసరం కోసం కోయడం మాత్రం ఆ రోజే మొదలు. అంతవరకు ఆయన కోసినవన్నీ ఉబుసుపోకకు కోసినవే. కువైట్ నుంచి తిరిగొచ్చి ఏడాది దాటింది. అయినా ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు పక్కన, జైబున్నీసా టీకొట్టు బల్ల మీద కూర్చుంటే చాలు, నోట్లోంచి షేకులూ మేడలూ పెద్ద పెద్ద కార్లూ దొర్లుకుంటూ వచ్చేవి.

ఆ సాయంత్రం సంగతి వేరు. ఎలక్షన్లు పన్నెండు రోజుల్లోకి వచ్చాయి. ఎలక్షన్లు వస్తే ఆ ఊళ్లో పార్టీని నడిపే పెద్దాయన మిద్దె మీద ఒక మనిషి కాపలా పడుకోవాలి. అవతలి పార్టీ వాళ్లు గోడ దూకితే ముందు కేక వేయాల్సింది ఆ మనిషే, ముందు బాంబు పడేదీ ఆ మనిషి మీదే. పోయిన ఎలక్షన్లలో మిద్దె ఎక్కిన రంగన్న బతికి బయటపడ్డాడు గానీ, ఇప్పటికీ ఆయనతో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాలి. ఈసారి ఎవరిని ఎక్కించాలో తేల్చడానికి పెద్దాయన కుడిభుజం ఎర్రన్న టీకొట్టుకు వచ్చి కూర్చున్నాడు. బల్ల మీదున్న నలుగురూ ఆయన కంట్లో పడకూడదని గ్లాసుల్లోకి తలలు దూర్చారు. ఎర్రన్న చూపు ఒక్కొక్కరి మీదా వాలి, చివరికి గంగులయ్య దగ్గర ఆగింది.

"దేశాలు తిరిగొచ్చినోడివి. నీకేం భయం గంగులయ్యా, నువ్వు ఎక్కరాదూ?"

గంగులయ్య గబగబా లెక్క వేసుకున్నాడు. భయమని ఒప్పుకుంటే రేపట్నుంచి ఊళ్లో తలెత్తుకోలేడు. ఒప్పుకోకపోతే తలే ఉండకపోవచ్చు. ఒకటే దారి కనిపించింది: తనది మొద్దునిద్ర అనీ, కాపలాకు పనికిరాననీ నమ్మించడం. ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే పోయేది. కానీ ఆ నోరు ఏ సంగతినీ ఒక్క ముక్కలో చెప్పి ఎరగదు.

"ఎక్కేదానికి నాకేం బాధ ఎర్రన్నా? కాకపోతే నేను పండుకుంటే పక్కన పిడుగు పడినా లెయ్యను. షేకు తెరచాప పడవలో పండుకోని పండుకోని అట్ల అలవాటైపాయ."

పక్కనున్న హబీబుల్లా టీ గ్లాసు నోటి దగ్గరే ఆపేశాడు. ఆయనా గంగులయ్యా కువైట్లో ఒకే షేకు దగ్గర పనిచేసి వచ్చినవాళ్లు.

"పడవలో నిద్ర యాడ వస్తాది అబ్బీ?" అంది జైబున్నీసా, పాలు కలుపుతూ.

"అదే చెప్తాండా అక్కా, విను. మొదటి దినం కన్ను మూసుంటే ఒట్టు. అలలొచ్చి పడవ అడుగున టప్పు టప్పుమని కొడతాండాయి, తడిగుడ్డ బండకేసి ఉతికినట్లు. షేకు పాపం పదైదు దినాలుగా నిద్ర లేక కండ్లు పండుమిరపకాయలు చేసుకున్నాడు. గంగులయ్యా, ఇంగ నువ్వే దిక్కప్పా అన్నాడు. సరేలే అని ఇద్దరి చెవుల్లో గొర్రెబొచ్చు కుక్కినా. యాడిదనుకుంటాండారు? మన గొర్రెదే, దిండులో పెట్టి ఈడ్నుంచే తీస్కపోయినా. చెవులైతే మూసుకున్నాయి గానీ, సప్పుడు వీపులోంచి వస్తాండాది! చెక్కలోంచి ఎముకలోకి, ఎముకలోంచి నెత్తికి. ఆ తర్వాత ఏం జేసినానో తెల్సునా?"

"లేచి కూచున్నావు," అన్నాడెవరో.

"లేచి దూకినా! పదారు గొంగళ్లు చంకన పెట్టుకోని దూకి, పడవ కడుపు చుట్టూ చుట్టి, దబ్బనంతో కుట్టినా. నీళ్లలోనే, మధ్యలో ఊపిరి పీల్చకుండా గంటన్నర. సప్పుడు ఆగిపాయ. కానీ గొంగళ్లు నీళ్లు తాగి తాగి పడవ మూరెడు దిగిపాయ. ఇంగేం జేస్తా, పిండినా."

"గొంగళ్లనా?"

"పడవతో సహా! కొనా మొదలూ పట్టుకోని ఒక్క మెలి."

బల్ల మీదివాళ్లు విరగబడి నవ్వారు. ఎర్రన్న నవ్వలేదు, మీసం మాత్రం కదిలింది. గంగులయ్యకు అది చాలలేదు.

"అట్ల గాదులే అని ఆలోచన చేసినా. గాలి ఒక పక్కనుంచి వస్తాంటే పడవ దానికి ముడ్డి పెట్టి నిలబడుకోనుండాది. వెనక తట్టు వెడల్పు గదా, అల వచ్చి అరచేత్తో కొట్టినట్లు కొడతాది. గొర్రె వానకు ముడ్డి తిప్పుతాది, నిజమే గానీ పడవ మొగం తిప్పాల. లంగరు పీకి, ముక్కు గాలికి తిప్పి, మళ్ల ఏసినా. అల రెండుగా చీలి గమ్మున పక్కనుంచి పోతాండాది. షేకూ నేనూ మూడు దినాలు లెయ్యలేదు. లేచి చూస్తే ఏముంది? మా పడవ చుట్టూ అమెరికా వాండ్ల యుద్ధపు ఓడలు, పదకొండు!"

"కాల్చేదానికా?"

"కాళ్లు పట్టుకునేదానికి! అప్పుడు ఆడ యుద్ధం గదా. మీ ఒక్క పడవే హాయిగా నిద్రబోతాండాది, మాకూ ఏదన్నా చెయ్యండి సార్ అని పెద్ద కెప్టెనొచ్చి సెల్యూట్ కొట్టె. పదకొండు ఓడలకు గొంగళ్లు యాడ తెచ్చేది? పులివెందుల సంతంతా గొరిగినా చాలదు. అందుకే ఈసారి అలల మీదికే పోయినా. అలలంటే ఏంది మామా? మంద. ముందుది యాడికి పోతే వెనకవన్నీ ఆడికే. ముందు నడిచే అలను చెవి పట్టి మెలేసి, నాలుక మడిచి ఒక ఈల ఏసినా, మందకు మంద ఇరాన్ దిక్కు మళ్లింది! రెండో దినం ఇరాన్ నుంచి టెలిగ్రాం. మీ అలలు మా చేలల్లో పడి మేస్తాండాయి, వచ్చి తోలుకపోండి అని!"

జైబున్నీసా నవ్వు ఆపుకోలేక గరిటె పక్కన పెట్టింది. "అంతా బాగుంది గానీ, రేయింబగళ్లు అలల్ని తోలుతాంటే, నువ్వు నిద్రబోయింది ఎప్పుడప్పా?"

అందరూ గొల్లుమన్నారు. గంగులయ్యకు చురుక్కుమంది. తను ఈ కథ ఎందుకు ఎత్తుకున్నాడో ఆ చురుకులో మరిచిపోయాడు.

"నిద్రలోనే తోలినా! గొర్లకాపరి నిద్రంటే ఏమనుకుంటివి అక్కా? కండ్లు మూసుకుంటాయి, చెవి మూసుకోదు. ఇది బొంబాయి అల, ఇది ఇరాన్ అల, ఇది నేరుగా వస్తాండాది, ఇది దొంగతనంగా వస్తాండాది అని కన్ను తెరవకుండా చెప్తాంటి!"

ఎర్రన్న గ్లాసు కింద పెట్టాడు.

"దొంగతనంగా వచ్చేది గూడా తెలుస్తాదా?"

గంగులయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. కొరివితో తల గోక్కున్నట్టయింది. "తెలుస్తాది... ఏదో, నీళ్ల మీద అయితే..."

"నీళ్లేంది, మట్టేంది, చెవి ఒకటే గదా. ఈ పొద్దే ఎక్కు. పోలింగు అయ్యేదాకా నువ్వే."

బల్ల మీదివాళ్ల మొహాలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. ఇంతసేపూ పగలబడి నవ్వినవాళ్లే, గంగులయ్య చెవి సంగతి తమకు ముందే తెలుసన్నారు. అలలకు మనసుంటుందని ఒకడు, టెలిగ్రాం సంగతి తానూ విన్నానని ఇంకొకడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గంగులయ్య చెప్పిందంతా జనం నమ్మారు. ఎన్నాళ్లనుంచో ఆయన కోరుకున్నదే అది. ఇప్పుడు ఏడుపొక్కటే తక్కువ. బిక్కమొహంతో హబీబుల్లా వైపు చూశాడు.

హబీబుల్లా ఉండబట్టలేకపోయాడు. ఇన్నాళ్లూ స్నేహితుడి పరువని నోరు కట్టుకున్నాడు. పరువు ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?

"ఎర్రన్నా, వీడి మాట నమ్మి పెద్దాయన ప్రాణం మీదికి తేవాకు. పడవా లేదు, పాడూ లేదు. రెండేండ్లూ ఎడారిలో ఆ షేకు గొర్రెలు కాసినాం, ఇద్దరం. నీళ్లంటే ట్యాంకర్లో వచ్చే నీళ్లే. వీడు పండుకోనుంటే కుక్కలొచ్చి పక్కనుండే గొర్రెను ఈడ్చకపోయినా లెయ్యలేదు. షేకు వచ్చి కాలితో తన్నితే లేచినాడు."

గంగులయ్య చెవులు మండిపోతున్నాయి. ఇంటి దగ్గర సొంత గొర్రెలు వదిలి, అంత దూరం పోయి పరాయివాడి గొర్రెలు కాశానన్న సంగతి ఆయన భార్య గంగులమ్మకు కూడా చెప్పలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"సముద్రం అసలు చూసిందే లేదా?" అన్నాడు ఎర్రన్న.

స్నేహితుడి మొహం చూసి హబీబుల్లాకు జాలేసింది. కాస్తయినా మిగల్చాలనుకున్నాడు. "లేకేం, చూసినాడు. తిరిగొచ్చేటప్పుడు, విమానం కిటికీలోంచి."

ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తేలక ఎర్రన్న గడ్డం గోక్కుంటూ మళ్లీ గంగులయ్య వైపు తిరిగాడు. గంగులయ్య తలెత్తి, దూరంగా కనిపిస్తున్న పెద్దాయన మిద్దె వైపు ఒకసారి చూశాడు. ఒక్కసారిగా లేచి నిలబడి, హబీబుల్లా మీద వేలెత్తి గట్టిగా అరిచాడు.

"పచ్చి అబద్ధమన్నా! కిటికీ కాడ కూచుండింది వీడు. నేను అది గూడా చూళ్లేదు!"