మూడు రెళ్లు, ఆపైన డెబ్బై ఒకటి

1961 ఫిబ్రవరి 10, శుక్రవారం, ఉదయం 11 గంటలు. లింకన్‌షైర్, నెదర్ కోల్బీ ఠాణాలో కానిస్టేబుల్ లెనార్డ్ టబ్ ఎదుట చెప్పినది, చెప్పినట్టుగా రాసుకున్నది.

నా పేరు ఎనిడ్ మేబెల్ ప్రౌట్. వయసు డెబ్బై ఒకటి. పెళ్లి కాలేదు. మా ఊరి చర్చి గేటుకి ఎదురిల్లు నాది. ఒక్కదాన్నే ఉంటాను. వృత్తి, చర్చి ఊడవడం, ఇత్తడి తోమడం, చావుగంట కొట్టడం. మా నాన్న తర్వాత నలభై ఒక్కేళ్లుగా ఆ గంట నేనే కొడుతున్నాను. నాకేమైనా అయితే కబురు ఎవరికి పంపాలని కానిస్టేబుల్ అడిగాడు. ఎవరూ లేరని రాసుకోమన్నాను.

ఈ లెనార్డ్‌కి బాప్తిస్మం ఇచ్చిన రోజు తొట్టిలో వేడినీళ్లు కలిపింది నేను. అయినా నిన్న అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అది కూడా రాయమన్నాను. రాస్తున్నాడు.

మా ఊళ్లో మనిషి పోతే పెద్ద గంట కొడతాం. ముందుగా మగవాళ్లకి మూడు మూళ్లు, అంటే మూడేసి దెబ్బలు మూడుసార్లు, ఆడవాళ్లకి మూడు రెళ్లు. తర్వాత అరనిమిషానికొకటి చొప్పున, ఎన్నేళ్లు బతికితే అన్ని దెబ్బలు. ఊరంతా చేతిలో పని ఆపి లెక్కపెడుతుంది. గంట ఆగేసరికి పోయిందెవరో తెలిసిపోతుంది.

జనవరిలో మూడు ఆదివారాలు నేను చర్చికి వెళ్లలేదు. ఛాతీలో కఫం పట్టేసి మంచం మీద ఉన్నాను. ఆరాధనలో జబ్బుపడ్డవాళ్ల పేర్లు చదివి ప్రార్థన చేస్తారు. నా పేరు చదివారా అని తర్వాత ఆరా తీశాను. చదవలేదు. పాస్టరు గారి తప్పు లేదు, ఆయనకెవరూ చెప్పలేదు. నాలుగో ఆదివారం వెళ్తే సంఘపెద్ద హెర్బర్ట్ లంబ్ గారు గుమ్మంలోనే అందుకున్నారు. "ఏం ఎనిడ్, శిలువ నల్లబడిపోయింది, కాస్త చూసుకోవా?" నెల రోజుల్లో నన్నెవరైనా అడిగిన మాట అదొక్కటే.

ఫిబ్రవరి 5, ఆదివారం, చర్చి తలుపుకి కాగితం అంటించారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకి మనసు పాడవుతోందట, ఈస్టరు నుంచి చావుగంట ఉండదట. రెండు వందల పన్నెండు మందికి కొట్టాను నేను. నాకు కొట్టేవాళ్లు మొదటే లేరు, ఇప్పుడు గంటా లేదు. ఇంకా ఆగితే నా గంట నాకు దక్కదనిపించింది. చాలా బాధేసింది. ఎవర్నీ హడలగొట్టాలని కాదు. నాకోసం ఎవరైనా వస్తారేమో చూడాలని మాత్రం ఉంది. ఉంది కాబట్టే చెబుతున్నాను.

ఫిబ్రవరి 9, గురువారం, ఉదయం 10:10కి మంచి టోపీ పెట్టుకుని గంట గదిలోకి దిగాను. మూడు రెళ్లు కొట్టాను. తర్వాత నా వయసు మొదలుపెట్టాను. ముప్పై దగ్గర భుజం పట్టేసింది. ఆపలేదు. గోడ సందులోంచి వీధి కనపడుతుంది. రొట్టెలవాడు బండి ఆపి టోపీ తీశాడు. గేటు దగ్గర ఆరుగురు ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెడుతున్నారు. 10:48కి డెబ్బై ఒకటో దెబ్బ కొట్టి ఆపాను.

"డెబ్బై ఒకటి! అయ్యో, మన ఫిలిస్సే!" అంది ఒకామె.

"మొన్ననే కదమ్మా, మార్మలేడ్ పాకానికని నారింజలు కొంది!" అంది ఇంకొకామె.

అందరూ ఫిలిస్ గాడ్‌బోల్డ్ ఇంటివైపు పరుగు. వాళ్లు నిలబడ్డ చోటికి నాలుగడుగుల్లో ఉంది నా తలుపు. ఒక్కరూ అటు తల తిప్పలేదు. గంట కొట్టేది నువ్వే కాబట్టి పోయింది నువ్వు కాదనుకుని ఉంటారు అంటున్నాడు లెనార్డ్. న్యాయమే. కానీ ఒక్కరూ తిప్పలేదు.

ఫిలిస్‌దీ నాదీ ఒకే ఏడు పుట్టుక, ఒకే తొట్టిలో బాప్తిస్మం. పదకొండేళ్లుగా మాటల్లేవు. ఓ ఈస్టరుకి బలిపీఠం మీద నా లిల్లీలు కనపడకుండా తన పసుప్పచ్చ డాఫోడిల్ పూలు ముందుకి జరిపింది. నేను తీసి గుమ్మం అవతల పెట్టాను. అప్పట్నుంచీ ఆవిడ ఎడమ వరస, నేను కుడి వరస. ప్రభువు బల్ల దగ్గర మోకరించేటప్పుడు కూడా మధ్యలో ఇంకెవరైనా ఉండేలా చూసుకునేవాళ్లం.

10:52కి గంట గది తలుపు దభీమని తెరుచుకుంది. ఫిలిస్. ఆడవాళ్లు ముందు తలుపు కొడుతుంటే ఈవిడ వెనక తలుపులోంచి బయల్దేరిందట. నడుముకి వంట గుడ్డ, కాళ్లకి ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు, చేతిలో పాకం గరిటె. బయట నేలంతా మంచు గడ్డకట్టి ఉంది. "ఎనిడ్! ఒసేయ్ ఎనిడ్!" అని అరుస్తూ మూడు మెట్లూ చూసుకోకుండా దిగి పడింది. కుడి చీలమండ విరిగిన చప్పుడు నాకు వినపడింది.

పడ్డచోటి నుంచే నన్ను కిందికీ పైకీ చూసింది. "బతికే ఉన్నావా?"

"ఉన్నాను."

"ఊళ్లో డెబ్బై ఒక్కేళ్లవాళ్లం మనిద్దరమే. పోయింది నేను కాకపోతే నువ్వే కదే!"

"నేను చస్తే గంటెవరు కొడతారే, తెలివితక్కువదానా?"

"అది నాకు తోచలేదే," అని భోరుమంది. చేతిలో గరిటె చూసుకుని, "పొయ్యి మీద పాకం మాడిపోయి ఉంటుంది, దిక్కుమాలినదానా," అంది.

నేనూ ఏడ్చాను. నా కోటు తీసి ఆవిడ మీద కప్పాను. అంబులెన్సు 11:35కి వచ్చింది. అప్పటిదాకా ఆవిడ చెయ్యి వదల్లేదు. ఆవిడ చెయ్యీ నా చెయ్యీ పాకంతో అంటుకుపోయాయి.

లంబ్ గారు వచ్చి గంట గది తాళంచెవి తీసేసుకున్నారు. నలభై ఒక్కేళ్లు అది నా కుడి జేబులో ఉంది. ఇప్పుడు ఆ జేబులోకి ఊరికే చెయ్యి పోతోంది. ఫిలిస్ కాలికి కారణం నేనే, ఒప్పుకుంటున్నాను, కోర్టు ఏమంటే అదే. గంట కొట్టినందుకు మాత్రం తప్పయిందని రాయించను.

ఇదంతా లెనార్డ్ నాకు చదివి వినిపించాడు. నేను చెప్పిందే, నిజమే, ఒక్కచోట తప్ప. కబురు పంపాల్సినవాళ్లు ఎవరూ లేరన్న మాట కొట్టేయించి, ఫిలిస్ గాడ్‌బోల్డ్, మిల్లు సందు, నెదర్ కోల్బీ అని రాయించాను. ఆవిడని అడగలేదు. కొట్టేసిన చోట నా పేరు పొడి అక్షరాలు పెట్టి, కింద సంతకం చేశాను.

(సంతకం) ఎనిడ్ ఎం. ప్రౌట్